ఎనిమిది పెడళ్ళు, ఏడు దీపాలు

ఆ సోమవారం పొద్దున మునీంద్ర చేతిలో ఉన్న సరుకు ఇది: మగ్గాల కాలం నాటి కాలి పెడళ్ళు పది, అందులో స్ప్రింగు తుప్పు పట్టినవి రెండు. పానెల్ దీపాల మీద బిగించే ఎర్రటి గాజు కుప్పెలు పన్నెండు. రెండడుగుల పొడవున్న ఇనుపరేకు పెట్టె ఒకటి. సోల్డరింగ్ ఐరన్ ఒకటి, పాతదే కాని ఎన్నడూ మోసం చేయనిది. ఇక మనుషుల చేతులు లెక్కపెడితే తనవి రెండు, మేనకోడలు అర్పితది ఒకటి, మిద్దె మీద అద్దెకుండే అభిజిత్‌వి సున్నా. వెరసి మూడు. గడువు ఆరు రోజులు.

ఏ పని మొదలుపెట్టినా ముందు ఉన్నదేమిటో తేల్చుకోవడం మునీంద్ర అలవాటు. దొడ్డబళ్ళాపురంలో ఇరవై రెండేళ్ళు కరెంటు మగ్గాలకు సామాన్లు అమ్మాడు. మగ్గాలు ఒక్కొక్కటే తుక్కు బండి ఎక్కుతుంటే, వీధిలో మిగతా అంగళ్ళవాళ్ళు మంచిరోజులు మళ్ళీ వస్తాయని కూర్చున్నారు. అతను కూర్చోలేదు. బోర్డు దింపి, టెక్ పార్కుల మధ్యనున్న కుందలహళ్ళికి వచ్చి బల్బులు, స్విచ్చులు, గీజరు ప్లగ్గులు అమ్మే అంగడి తెరిచాడు. ఇక్కడి జనం ఏడాదికోసారి ఇల్లు మారతారు, మారిన ప్రతిసారీ పాత ఇంట్లో రెండు బల్బులు మరిచిపోయి వస్తారు. ఆ మరుపు మీదే అంగడి హాయిగా నడుస్తోంది. అమ్ముడుపోని మగ్గాల సరుకు మాత్రం గోనెసంచుల్లో అటక ఎక్కి, ఏడేళ్ళుగా అక్కడే ఉంది.

అర్పిత వచ్చేసరికి అతను షట్టరు ఎత్తుతున్నాడు. ఆమె ఎడమచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు. మూడు రోజుల కిందట నీళ్ళ ట్యాంకరు తడిపిపోయిన మలుపులో స్కూటరు జారింది. ఆరు వారాలు కట్టు తీయకూడదన్నారు. ఆమెకు దిగులు చేతి గురించి కాదు, కుర్చీ గురించి. మూడేళ్ళుగా ఆమె హేమంత్‌కుమార్ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తోంది. వచ్చే ఆదివారం సర్జాపుర రోడ్డులో పెద్ద రిసెప్షన్, ఆ తర్వాత వరసగా పద్దెనిమిది కచేరీలు. ఆదివారం ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే సీజనంతా వాళ్ళే కూర్చుంటారని హేమంత్‌కుమార్ కచ్చితంగా చెప్పేశాడు. హొసూరు నుంచి ఒకతన్ని పిలిపించే మాట కూడా నడుస్తోంది.

మునీంద్ర ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు. కుడిచేత్తో వాయించగలదా? వాయించగలదు. ఎడమచెయ్యి చేసే పని ఏమిటి? కింది స్వరాలు పట్టడం సగం పని, అది గిటారు వాయించేవాడు మోస్తానన్నాడు. మరి మిగతా సగం? వాయిద్యాలు మార్చడం. ఒకే పాటలో కీబోర్డు ఒకచోట వేణువు, ఇంకోచోట వీణ, మరోచోట సన్నాయి అయిపోవాలి. ఆ మీటలు నొక్కేది ఎడమచెయ్యి. కుడిచేత్తో నొక్కబోతే ఆ క్షణం పాట ఆగిపోతుంది.

"కాలితో నొక్కే పెట్టెలు ఉంటాయి మామా. బయటి దేశం నుంచి రావాల, మూడు వారాలంట. నీ అటక మీద మగ్గం పెడళ్ళు ఉండేవి గదా? చిన్నప్పుడు నేను వాటి మీద ఎగురుతా ఉంటి."

మునీంద్రకు ఆ మాటతో రెండు విషయాలు కలిసివచ్చాయి. ఒకటి మేనకోడలి అవసరం. రెండోది ఏడేళ్ళుగా కదలని సరుకు. మొదటిదే ముఖ్యమని అతను తర్వాత అందరితో చెప్పాడు, అది నిజమే. కాని నిచ్చెన వేసుకుని అటక ఎక్కేటప్పుడు ఆ ముఖంలో కనిపించిన వెలుగులో రెండోదానికీ వాటా ఉంది.

పెడళ్ళు దొరికాయి. పాట యంత్రానికి, పెడలుకు మధ్య మాట కలిపే తెలివి మాత్రం మునీంద్ర దగ్గర లేదు. అది అభిజిత్ దగ్గర ఉంది. ఖమ్మం నుంచి వచ్చి టెక్ పార్కులో ప్రోగ్రాములు రాసే కుర్రాడు. చేతివేలంత చిన్న బోర్డు ఒకటి అతని డ్రాయరులో రెండేళ్ళుగా పడి ఉంది, దానితో ఏదో చేయాలనుకుని చేయలేదట. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినవాణ్ణి మునీంద్ర మెట్ల దగ్గరే పట్టుకున్నాడు.

"చాలా సింపుల్ అంకుల్," అన్నాడు అభిజిత్. "ప్రతి స్విచ్‌కీ బోర్డు మీద ఒక పిన్, ప్రతి లైట్‌కీ ఒక పిన్. స్విచ్ నొక్కితే బోర్డు కీబోర్డుకి ఒక నంబర్ పంపిస్తుంది, ఆ సౌండ్ వచ్చేస్తుంది. ఏ సౌండ్ నడుస్తోందో దాని లైట్ వెలుగుతుంది. కోడ్ నేను ఒక గంటలో రాసేస్తా. వైరింగ్ మాత్రం నావల్ల కాదు. సోల్డరింగ్ అంటే నాకు భయం."

"భయమేమీ లేదప్పా. కాలితే నీ వేలు, కాలకపోతే నా అదృష్టం," అన్నాడు మునీంద్ర.

తుప్పు పట్టిన పెడళ్ళు చూసి అభిజిత్‌కు నమ్మకం కుదరలేదు. తన డబ్బుతో తళతళలాడే ఎనిమిది స్టీలు స్విచ్చులు ఆన్‌లైన్లో తెప్పించాడు. బుధవారం అవి వచ్చాయి. మునీంద్ర ఒకటి బొటనవేలితో నొక్కాడు, టక్కుమంది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ టక్కుమంది. రెండోసారి నొక్కితే గాని అది మొదటి స్థితికి రాలేదు. అతను దాన్ని అట్టపెట్టెలో పెట్టేసి మూత వేశాడు.

"ఇది లైటు స్విచ్చప్పా. ఏస్తే ఏసినట్టే ఉంటాది, తీస్తే తీసినట్టే ఉంటాది. మనకు కావాల్సింది కాలింగ్ బెల్లు. నొక్కినప్పుడు తగలల్ల, వదిలితే వదలల్ల."

బాగుంది కదా, బలంగా ఉంది కదా అని అభిజిత్ వాదించాడు. మునీంద్ర ఓపిగ్గా విన్నాడు. బేరంలో అవతలివాడి మాట పూర్తయ్యేదాకా అతను ఎన్నడూ అడ్డురాడు.

"లైటు స్విచ్చికి గ్యాపకం ఉంటాది. నీ బోర్డుకీ గ్యాపకం ఉండాది. ఒగే సంగతికి ఇద్దరు గ్యాపకం పెట్టుకుంటే యాడో ఒగ చోట కొట్లాడుకుంటారు. పెడలుకు గ్యాపకం లేదు. నొక్కినంతసేపే మగ్గం అంగుళం అంగుళం కదిలేది. దానికి మించి దానికేమీ తెలీదు."

అభిజిత్ ఆ స్విచ్చులు వాపసు పంపడానికి ఫోను తీశాడు.

మునీంద్ర గురువారమంతా పని చేశాడు. రేకు పెట్టెకు పదహారు రంధ్రాలు తీశాడు. కింది వరసలో ఎనిమిది పెడళ్ళు, పై వరసలో ఎనిమిది దీపాలు. మగ్గం దీపాల అసలు బల్బులు పనికిరావు, వాటి వోల్టేజి ఎక్కువ. అందుకని సీరియల్ సెట్లలో వాడే చిన్న ఎల్ఈడీలు తెచ్చి, ఒక్కొక్కదాని కాలికి రెసిస్టరు కలిపి, మీద పాత ఎర్ర కుప్పెలు బిగించాడు. అంగడికి వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబు చెప్పాడు. పక్కనే ఇడ్లీ, రాగిముద్ద అమ్మే కెంపమ్మకు మాత్రం నిజం చెప్పాడు, ఆమెకు అబద్ధం నిలవదు కాబట్టి.

సాయంత్రం అభిజిత్ తీగల తొక్క ఒలిచే పనికి కుదిరాడు. రెండు గంటల్లో ఐరన్ కూడా పట్టాడు. మొదటి అతుకుకే చూపుడువేలు కాలింది. ఏడో అతుకు కొంచెం నిలిచేలా వచ్చింది. మునీంద్ర దాన్ని లాగి చూసి, ఎనిమిదోది కూడా అతని చేతికే ఇచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం అర్పిత కీబోర్డు తెచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టిన అభిజిత్ పెట్టెను దానికి తగిలించాడు. మొదటి పెడలు మీద ఆమె కాలు వేసింది. వేణువు. రెండోదాని మీద వేసింది. వయొలిన్లు. మూడు వీణ, నాలుగు సన్నాయి, అయిదు పియానో, ఆరు బాకా, ఏడు గుడిగంటలు, ఎనిమిది కోరస్. ఎనిమిదికి ఎనిమిదీ పలికాయి. అర్పిత కుడిచెయ్యి మీటల మీదే ఉండగా అంగడిలో వీణ వేణువైంది, వేణువు సన్నాయి అయింది. ఆమె ముఖంలో వారం రోజుల తర్వాత నవ్వు వచ్చింది.

ఆ నవ్వు దీపాల మీదికి చూపు పోయేదాకా నిలిచింది. వీణ నొక్కితే వీణ దీపం వెలగాలి. వీణ దీపం ఒక్కటే ఆరిపోయి మిగతా ఏడూ భగ్గున వెలుగుతున్నాయి. సన్నాయి నొక్కితే సన్నాయి ఆరింది, వీణ వెలిగింది.

అభిజిత్ పెట్టె తిప్పి లోపలికి చూసి పడిపడి నవ్వాడు. అతను గీసిచ్చిన బొమ్మలో దీపాలన్నిటి ఒక కాలు నల్లతీగకు, అంటే మైనస్‌కు కలపాలని ఉంది. మునీంద్ర అన్నిటినీ ఎర్రతీగకు, ప్లస్సుకు కలిపేశాడు. దాంతో బోర్డు వెలగమన్నప్పుడు దీపం ఆరుతోంది, ఆరమన్నప్పుడు వెలుగుతోంది.

మునీంద్రకు తన తప్పు ఎక్కడ నుంచి వచ్చిందో వెంటనే తెలిసింది. అది కళ్ళ తప్పు కాదు, చేతులది. మగ్గాల పానెల్లో దీపాల ఒక కాలు ఎప్పుడూ ప్లస్సుకే. నూలుపోగు తెగితే దాని మీది సన్నరేకు కిందపడి మైనస్ తగులుతుంది, మగ్గం ఆగుతుంది, దీపం వెలుగుతుంది. ఒక్క నేతగాడు ఆరేసి మగ్గాలు చూసుకునే షెడ్డులో దీపం వెలగడమంటే ఇటు రమ్మని పిలవడం. ఆరి ఉందంటే అంతా సవ్యంగా నడుస్తోందని. అలాంటి పానెళ్ళు వందలు కట్టిన చేతులు బొమ్మ వైపు చూడనే లేదు.

పదహారు అతుకులు విప్పి మళ్ళీ వేయాలి, ఒక పూట పని, అని అతను మనసులో లెక్క వేస్తున్నాడు. ఈలోగా అభిజిత్ లాప్‌టాప్ తెరిచాడు.

"అక్కర్లేదంకుల్. కోడ్‌లో ఒక్క లైన్ మారిస్తే చాలు. అయిపోయింది కూడా."

నిజంగానే అయిపోయింది. వీణ నొక్కితే వీణ దీపం ఒక్కటే వెలిగింది. తప్పు తనది, దిద్దుబాటు ఆ పిల్లవాడిది. అదీ కూర్చున్న చోటు నుంచి లేవకుండా. ఇరవై రెండేళ్ళ అనుభవాన్ని ఒక్క లైనుతో తుడిచేసినట్టు మునీంద్రకు కొంచెం చివుక్కుమంది. కాని పని జరిగింది. అతను ఆ చివుక్కును పక్కన పెట్టి గిరాకీకి హోల్డరు చూపించడానికి లేచాడు. అర్పిత చీకటిపడేదాకా సాధన చేసింది, ట్యూబులైటు కింద ఒక్క అడుగు కూడా తప్పలేదు.

శనివారం మూడు గంటలకు హేమంత్‌కుమార్ తానే అంగడికి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మాట నెమ్మది, నిర్ణయం చురుకు. స్టూలు మీద కూర్చుని ఒక పాటంతా విన్నాడు. తల ఊపాడు. ఆ తర్వాత ట్యూబులైటు వైపు చూశాడు.

"అర్పితమ్మా, రేపు పెండ్లికూతురూ పెండ్లికొడుకూ లోపలికి వచ్చేటప్పుడు హాలంతా చీకటి చేస్తారు. లైటు వాళ్ళ మీదే ఉంటాది, మన మీద ఉండదు. ఆ ఎంట్రీ మొత్తం నీదే. చీకట్లో ఒగసారి వాయించు, విందాం."

మునీంద్ర షట్టరు దించాడు, శనివారం సెలవు కాబట్టి అక్కడే ఉన్న అభిజిత్ ట్యూబులైటు ఆర్పాడు. అంగడి చీకటైంది. ఏడో దీపం ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది. అర్పిత గంటలతో మొదలుపెట్టింది. గంటలు బాగా మోగాయి. ఇక వీణలోకి దిగాలి. ఆమె కాలు చీకట్లో ఎడమవైపుకు కదిలి ఎక్కడో నొక్కింది. వీణ రావాల్సిన చోట బాకా పెద్దగా ఊదింది.

"పెండ్లికూతురు వస్తా ఉండాదా, రైలు వస్తా ఉండాదా?" అన్నాడు హేమంత్‌కుమార్ చీకట్లోంచి.

మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. ఈసారి కాలు రెండు పెడళ్ళ మధ్య రేకు మీద పడింది. ఏ వాయిద్యమూ మారలేదు. వీణ పాట గంటల్లోనే సాగిపోయింది. మూడోసారి వీణ దొరికింది గాని, అక్కడి నుంచి వేణువు కోసం వెతుక్కునేలోగా రెండు తాళాలు దాటిపోయాయి. తానున్న చోటు ఆమెకు కనిపిస్తోంది, పోవాల్సిన చోటు కనిపించడం లేదు. పోనీ కాలితో తడుముదామంటే తడిమిందల్లా మోగుతుంది.

హేమంత్‌కుమార్ స్టూలు వెనక్కి జరిగిన చప్పుడైంది. అతని గొంతులో కోపం లేదు, అదే అర్పితను భయపెట్టింది. పెట్టె బాగుంది, ఈ సీజనుకు వద్దులే, చెయ్యి బాగయ్యాక చూద్దామన్నాడు. హొసూరు అతనికి సాయంత్రంలోగా కబురు చెప్పాలన్నాడు.

బేరం తెగని గిరాకీని స్టూలు మీద నుంచి లేవనివ్వకపోవడం మునీంద్ర పాత పద్ధతి. లైటు వేయకుండానే, షట్టరు అడుగుభాగం కొంచెం ఎత్తి కెంపమ్మను కేకేసి నాలుగు టీలు చెప్పాడు. తర్వాత హేమంత్‌కుమార్‌తో రేపటి హాల్లో జనరేటరు ఎవరిదని, మైకులకు తీగ ఎంత పొడవు లాగాలని, ఏమీ ఎరగనివాడిలా అడగడం మొదలుపెట్టాడు. స్టేజీ కరెంటు మీద ఫిర్యాదులు లేని ఆర్కెస్ట్రావాడు ఉండడు. హేమంత్‌కుమార్ మళ్ళీ కూర్చున్నాడు.

కెంపమ్మ టీ గ్లాసుల తీగబుట్టతో వంగి లోపలికి వచ్చి, చీకట్లో నలుగురు మనుషులను, ఒక్క ఎర్ర దీపాన్ని చూసి నిలబడిపోయింది.

"ఏమిదప్పా ఇది? పట్టపగలు షట్టరు మూసుకోని ఒగ బుడ్డి దీపం పెట్టుకోని కూర్చోనుండారు? నేను యాడ కాలు పెట్టల్లో తెలీకుండా టీ ఎట్ల ఇచ్చేది? అది కాదప్పా, కాలు పెట్టే చోట లైటు వెయ్యండ."

ఆ చివరి మాట దగ్గర మునీంద్ర ప్రశ్నలు ఆగిపోయాయి.

దొడ్డబళ్ళాపురం షెడ్డు అతని కళ్ళ ముందుకు వచ్చింది. సాయంకాలం వోల్టేజి పడిపోయి లైట్లన్నీ గుడ్డివైనప్పుడు కూడా నేతగాడు మగ్గాల మధ్య తడబడకుండా నడిచేవాడు. ఎందుకంటే అతను నడిచేది వెలిగే దీపం వైపు. తానున్న మగ్గం దీపం ఆరే ఉంటుంది. అక్కడ అతనికి దీపంతో పనేముంది, అతను అక్కడే ఉన్నాడు కదా.

"అభిజిత్, నిన్న ఒగ లైను మార్చినావే, దాన్ని తిరిగి మొదటి మాదిరే పెట్టేయప్పా."

"అది తప్పు కదంకుల్?"

"తప్పే. తప్పే పెట్టు."

లాప్‌టాప్ వెలుగులో అభిజిత్ ముఖం ఒకసారి మునీంద్రను చూసింది, ఒకసారి పెట్టెను చూసింది. ఏదో అర్థమైనట్టు గబగబా నొక్కాడు. పెట్టె మీద ఏడు దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. నేల మీద ఎర్రటి వరస ఏర్పడింది, ఏడో చోట మాత్రం చీకటి. ఆ ఎరుపులో కింది పెడళ్ళు కూడా మసకగా కనిపించాయి. కెంపమ్మ ఆ వెలుగులోనే దారి చూసుకుని టీ గ్లాసులు పంచింది.

"పాపా, ఆరిపోయి ఉండేది నువ్వుండే చోటు. ఎలిగేటివన్నీ నువ్వు పోదగిన చోట్లు. ఎడం నుంచి మూడోది వీణ. పో," అన్నాడు మునీంద్ర.

అర్పిత గంటలతో మొదలుపెట్టింది. కాలు మూడో దీపం కిందికి పోయింది. వీణ వచ్చింది, వస్తూనే మూడో దీపం ఆరి ఏడోది వెలిగింది. మొదటి దీపం కింద వేణువు దొరికింది. తర్వాత వయొలిన్లు, మళ్ళీ వేణువు, చివర వెలుగులు రావలసిన ఘట్టంలో సన్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు. రెండోసారి ఆమె కిందికి చూడడం తగ్గించింది. మూడోసారికి కెంపమ్మ గ్లాసులు తీసుకుపోవడం మరిచిపోయి షట్టరు దగ్గర కూర్చుండిపోయింది.

హేమంత్‌కుమార్ టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఇది ముందే ఇట్ల పెట్టింటే నాకీ భయం ఉండేది కాదు గదన్నా. ఎవరి ఉపాయం ఇది?"

అభిజిత్ నోరు తెరిచాడు. మునీంద్ర అంతకంటే ముందే అందుకున్నాడు. ఇది దొడ్డబళ్ళాపురం మగ్గాల పద్ధతి అనీ, అనుభవం మీద వచ్చిందనీ, మధ్యలో పిల్లలు కొత్తరకం చేసి చూస్తామంటే చేయనిచ్చాననీ చెప్పాడు. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. వరస మాత్రం కొంచెం మారింది. అభిజిత్ నవ్వు ఆపుకోవడానికి కాలిన వేలును ఊదుకోవాల్సి వచ్చింది.

ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు మునీంద్ర సర్జాపుర రోడ్డు హాల్లో స్టేజీ పక్కన, కరెంటు బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. తీగలు చూసిపోదామని వచ్చానని అడిగినవాళ్ళకు చెప్పాడు. లైట్లు ఆరాయి. తలుపు దగ్గర పెళ్ళిజంట మీద ఒక తెల్లటి గుండ్రటి వెలుగు పడింది. ఆరువందల మంది మెడలు అటు తిప్పారు. ఒక్క మునీంద్ర తిప్పలేదు. అతను కీబోర్డు కింద నేల వైపు చూస్తున్నాడు. అక్కడ ఏడు ఎర్రచుక్కలు, వాటి మధ్య ఒక ఖాళీ. ఆ ఖాళీ నడుస్తోంది. గంటల దగ్గర నుంచి వీణకు, వీణ నుంచి వేణువుకు, అక్కడ కొంచెం ఆగి వయొలిన్లకు. జంట స్టేజీ మెట్టెక్కే సరికి ఖాళీ నాలుగో చోటికి వచ్చింది. సన్నాయి అందుకుంది, లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. వెలుగులో ఆ చుక్కలు కనిపించకుండా పోయాయి. అర్పిత ఎడమచేతి కట్టు మీద ఎవరో బంధువుల పాప స్కెచ్ పెన్నుతో అప్పటికే పువ్వులు గీసి ఉంది.

కచేరీ అయ్యాక హేమంత్‌కుమార్ ఆమెను పొగడలేదు. జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. అందులో పద్దెనిమిది తేదీలు ఉన్నాయి. ఆ తర్వాత మునీంద్రను పక్కకు తీసుకుపోయి, గిటారు వాయించేవాడు తనకూ ఒక పెట్టె కావాలంటున్నాడనీ, నాలుగు పెడళ్ళు చాలనీ అన్నాడు. మేనకోడలికి చేసినప్పుడు రేటు మాట ఎత్తని మునీంద్ర, ఇప్పుడు కూడా అప్పుడే ఎత్తలేదు. అంగడికి వచ్చి స్టూలు మీద కూర్చుంటే మాట్లాడుకుందామన్నాడు.

ఆరో వారంలో కట్టు తీశారు. ఎడమచెయ్యి తిరిగి వచ్చినా అర్పిత పెట్టెను వదల్లేదు. ఇప్పుడు ఆ చెయ్యి దాని పని అది చేసుకుంటోంది, వాయిద్యాలు మార్చే పని కాలికే ఉండిపోయింది. దీపాలను సరైన పద్ధతికి మార్చమంటారా అని అభిజిత్ ఒకసారి అడిగాడు. ఏది సరైనదో ముందు నువ్వు తేల్చుకోమంది ఆమె.

ఆ సాయంత్రం మునీంద్ర అటక మీది సంచులు దింపి మిగిలినదేమిటో చూసుకున్నాడు. పది పెడళ్ళలో ఎనిమిది పోయాయి. తుప్పు పట్టిన రెండూ కిరసనాయిల్లో నానుతున్నాయి, గిటారతని పెట్టెకు ఇంకో రెండు వెతకాలి. కుప్పెలు నాలుగు ఉన్నాయి, అవి సరిపోతాయి. రేకు పెట్టె కొత్తది చేయించాలి. బల్ల దగ్గర అభిజిత్ తానే ఐరన్ వేడిచేసుకుని తీగలు అతుకుతున్నాడు, అతుకులు నిలుస్తున్నాయి. ఇక చేతుల లెక్క: తనవి రెండు, అర్పితవి రెండు, అభిజిత్‌వి రెండు. మూడుతో మొదలైనవి ఆరయ్యాయి. పైన వచ్చింది, పాట తెలిసిన కాలు ఒకటి.